ఈవెంటు విజయము అను ముండ్లమూరు ప్రబంధము

అవతారిక

శ్రీకారం చుట్టే ముందు ఇష్టదేవతలకు మొక్కాలి కనక మొక్కుతున్నాం. మొదట విఘ్ననాయకుడికి. తాళికట్టు వేళకు జనరేటరు ఆగిపోవడం, ఐస్‌క్రీమ్ వ్యాను అద్దంకి రోడ్డులో పంక్చరవడం, పెళ్లికొడుకు మేనమామ అలగడం, ఈ మూడూ ఆయన శాఖలోనివే. తరవాత ఏడుకొండలవాడికి. ఆకాశరాజు కూతుర్ని చేసుకోవడానికి కుబేరుడి దగ్గర అప్పుచేసి, కలియుగం పొడవునా వడ్డీ కట్టేందుకు పత్రం రాసిచ్చి, తెలుగువాళ్ల పెళ్లి ఖర్చుకు శాశ్వత ప్రమాణం ఏర్పరచిన స్వామి ఆయన. ఆయనంతటివాడే అప్పుచేశాడు, మనమెంత అన్న ధైర్యంతోనే ఇక్కడ ప్రతి ఆడపిల్ల తండ్రీ ప్రోనోటు మీద సంతకం పెడుతున్నాడు.

పిమ్మట పూర్వాచార్య స్తుతి. తెలుగుతెర మీద పెళ్లి ఈవెంట్ల వృత్తికి ఆద్యుడు ఘటోత్కచుడు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ చూసినవాళ్లెవరూ కాదనలేరు. విడిది, విందు, మర్యాదలు, ఆఖరికి పెళ్లికూతురు, సమస్తం ఒకే చేతి మీదుగా సరఫరా అయిన మొదటి ఫుల్ ప్యాకేజీ అది. కాకపోతే ఆయన పెళ్లి చెడగొట్టడానికి పూనుకున్నాడు, మన నాయకుడు నిలబెట్టడానికి పూనుకున్నాడు. రెంటికీ కావలసిన సామాను ఒకటే.

ఇక కవిస్తుతి. ముండ్లమూరు నుంచి తూర్పుగా పోతే అద్దంకి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఏలిన రెడ్డిరాజుల తొలి రాజధాని. ఆయన కొలువులోని కవి ఎర్రాప్రగడ. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. తిక్కన దాన్ని తాకకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. మధ్య ఖాళీని ఎర్రన పూరించి, అంకితం మాత్రం నన్నయ ఏలికైన రాజరాజనరేంద్రుడికే ఉంచేశాడు. పెద్దలు సగంలో వదిలిన పనిని అందుకుని, అతుకు కనపడకుండా ముగించి, పేరు మాత్రం వాళ్లకే వదిలెయ్యడం! శుభలేఖ మీద తన పేరుండని పెళ్లికి నెలంతా నిద్రమానుకునేవాడికి ఇంతకన్నా తగిన కులగురువు ఎక్కడ దొరుకుతాడు? అందుకని ప్రబంధ పరమేశ్వరుడైన ఆ ఎర్రనకు ఇంకో దండం.

పురవర్ణనము

కావ్యాల్లో నగరాలకు అగడ్తలు, కోటలు, ఉద్యానాలు ఉంటాయి. ముండ్లమూరుకు ఏం తక్కువ? అగడ్త సాగర్ కుడికాలువ నీరు. వదిలితే అగడ్త, వదలకపోతే పిల్లలకు క్రికెట్ మైదానం. ఉద్యానవనాలు సుబాబుల్, జామాయిలు తోటలు. ఏ డెకరేషన్ వాడూ పరవలేనంత ఎర్రతివాచీని సంక్రాంతి దాటాక రైతులే మిరప కల్లాల్లో పరుస్తారు, దాని మీద నడిచే అతిథి ఒక్కడే, ధర. దర్శి నుంచి అద్దంకి పోయే బస్సులు ఆగి, దిగేవాళ్లను దింపి, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని, ఒక్క హారన్ కొట్టి వెళ్లిపోతాయి. మారెళ్ల, పసుపుగల్లు, శంకరాపురం, పెద ఉల్లగల్లు మొదలైన సామంత గ్రామాలు చుట్టూ కొలువు తీరి ఉంటాయి.

ఈ సీమలో పెళ్లి వైభవాన్ని నిర్ణయించేవి గ్రహాలు కావు, పంటలు. గుంటూరు యార్డులో మిరప పలికిన ధర తిన్నగా వచ్చి ఐస్‌క్రీమ్ రకాల సంఖ్య మీద వాలుతుంది. పొగాకు వేలంలో బేరం తగ్గితే సంగీత్ ఎగిరిపోతుంది. మరికాస్త తగ్గితే డ్రోను నేల దిగుతుంది. ఇంకా తగ్గితే ముహూర్తమే వచ్చే ఏటికి జరుగుతుంది.

నేల కూడా సామాన్యమైనది కాదు. 2024 డిసెంబరు 21 మొదలు వరసగా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కొన్ని క్షణాలపాటు కంపించింది. గిన్నెలు గలగలలాడాయి, జనం వీధుల్లోకి పరుగెత్తారు. అప్పటికే ధనుర్మాసం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి గనక, నేరం డీజే పెట్టెల మీదకు తొయ్యడానికి వీలు చిక్కలేదు. లేకుంటే ఆదిశేషుడు నిర్దోషిగా బయటపడేవాడు.

ఈ ఊళ్లో ఒకప్పుడు పెళ్లి చెయ్యడానికి ఎవరినీ పిలవనక్కర్లేదు. ఊరే చేసేది. కుమ్మరి ఇంటి నుంచి అయిరేణి కుండలు నడిచివచ్చేవి. సన్నాయి వాళ్లకు ఏ ఇంట్లో ఎప్పుడు ఊదాలో పురోహితుడికన్నా ముందు తెలిసేది. తాటాకు పందిరికి యువజనం, వంటచెరుకుకు ఎడ్లబండి, విస్తళ్లకు ఆడవాళ్ల చేతులు. వీటన్నిటి నడుమ భుజాన తువ్వాలు, నడుముకు తాళంచెవుల గుత్తితో, అరుస్తూ, కసురుతూ, తినకుండా, కూర్చోకుండా ఒక బాబాయి. ఆయన లేని పెళ్లి లేదు. ఇప్పుడు ఆ బాబాయిల కొడుకులు హైదరాబాదులో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, డల్లాస్‌లో ఉన్నారు. పెళ్లికి ముందురోజు సాయంత్రం దిగి, సెల్ఫీ దిగి, మర్నాటి మధ్యాహ్నం తిరుగు బండి ఎక్కుతారు. అలా ఒక మహా సింహాసనం ఖాళీ అయింది. ఆ సింహాసనం కథే ఈ ప్రబంధం.

నాయక వర్ణనము

మన నాయకుడికి పేరు లేదు. దర్శి మొదలు గిద్దలూరు దాకా ఫ్లెక్సీ బోర్డు మీద ‘ఈవెంట్స్’ అని రాయించుకున్న పదిమంది కుర్రాళ్లను కలిపి ముద్దచేసిన వాడు గనక ఒక్కరి పేరు పెడితే మిగతావాళ్లు ఒప్పుకోరు. లాక్షణికులు చెప్పిన ధీరోదాత్త లక్షణాలు ఇతడిలో పుష్కలం. డిగ్రీ ఉంది. అమీర్‌పేటలో కొన్నాళ్లు కోడింగ్ నేర్చుకున్నాడు, ఆ విద్య ఇతణ్ని నేర్చుకోలేదు. బైకుంది, చార్జింగ్ నిలవని ఫోనుంది. అన్నిటికీ మించి, ఎవరు ఏమన్నా మారని ముఖం ఉంది. అదే మూలధనమని అతనికి అప్పటికి తెలియదు.

అతని ప్రతిజ్ఞ వినగానే దిక్కులు దద్దరిల్లలేదు గాని పెద్దమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరడం ఆపింది.

“ఏందిరా, డిగ్రీ చదివి పందిళ్లేస్తావంటగా?”

“పందిళ్లు కాదు పెద్దమ్మా, ఈవెంట్స్.”

“అంటే ఏంది?”

“పెళ్లిపనంతా మనమే చూసుకుంటాం. పిలిచినవాళ్లు ఊరికే కూర్చోవచ్చు.”

“మీ బాబాయి ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు చేశాడో నీకు తెలవదు. ఒక్కనాడన్నా బోర్డు కట్టాడంటరా?”

“డబ్బులు తీసుకున్నాడా మరి?”

“ఆఁ, తిట్లు తీసుకున్నాడు.”

ఆ ఒక్కమాటలో ఈ వృత్తి రహస్యమంతా ఉంది. ఉపనిషత్తును ఆటగా విన్న శిష్యుడిలాగా మనవాడు దాన్ని విని వదిలేసి, బైకు స్టార్టు చేశాడు.

విద్యాభ్యాసము

పూర్వం రాకుమారులకు ఒక్క ద్రోణుడు చాలేవాడు. ఈ విద్యకు నలుగురు గురువులు కావాలి, నలుగురికీ ఒకరంటే ఒకరికి పడదు.

ప్రథమ గురువు టెంట్‌హౌస్ యజమాని. ఆయన బోధించినది సంఖ్యాశాస్త్రం. నాలుగు వందల కుర్చీలు వెళితే నాలుగు వందలు తిరిగిరావు. కొన్ని కాళ్లు విరిగి వస్తాయి, కొన్ని పక్కింటి అరుగు మీద స్థిరపడతాయి, కొన్ని మరో టెంట్‌హౌస్ ముద్రతో వస్తాయి. దించేటప్పుడు ఎదుట నిలబడి లెక్కపెట్టించి, సంతకం తీసుకోనివాడు ఎక్కించేటప్పుడు ఏడవాలి. కుర్చీలకు తెల్లతొడుగు తొడిగి నడుముకు శాటిన్ ముడి కడితే అద్దె పెరుగుతుంది, కూర్చునేవాడి బరువు మాత్రం తగ్గదు.

ద్వితీయ గురువు వంటమేస్త్రి. గాడిపొయ్యి ముందు నిలబడి, చెమటతో అగ్నిహోత్రుడికి తర్పణాలిస్తూ, దేగిశా అంచు మీద గరిటెతో ఒక్క దెబ్బ కొట్టి ఆయన చెప్పిన సూత్రం: “కార్డుల్ని లెక్కపెట్టబాక అబ్బాయా, కడుపుల్ని లెక్కపెట్టు.” కిలో బియ్యం ఎనిమిది, పది మందికి. బంతిలో కూర్చోబెట్టి వడ్డిస్తే ఒక లెక్క, బఫే పెడితే ఇంకో లెక్క. నీళ్ల సంగతి మరీ లోతు. ఫ్లోరైడు పేరు వింటేనే బోరునీటి వంక అనుమానంగా చూసే పడమటి ప్రకాశంలో అతిథి గ్లాసు ఎత్తి మొదట వాసన చూస్తాడు, తరవాతే తాగుతాడు. మనిషికి లీటరు చొప్పున వెయ్యిమందికి ఇరవై లీటర్ల టిన్నులు యాభై. వైశాఖంలో అయితే ఆ లెక్కను నమ్ముకున్నవాడికి చెంపలు వాస్తాయి.

తృతీయ గురువు ఫొటోగ్రాఫరు. ప్రత్యక్షంగా జరిగినది పెళ్లి కాదనీ, ఆల్బంలో పడినదే పెళ్లి అనీ ఆయన సిద్ధాంతం. మండపం చుట్టూ ఆయన, వీడియో అన్న, లైటు పట్టుకునే తమ్ముడు కలిసి పన్నే వ్యూహంలోకి తాత, అమ్మమ్మ అభిమన్యుల్లా చొరబడి బయటికి రాలేకపోతారు. ఆ వ్యూహంలో ముసలివాళ్లకు రెండడుగుల సందు ఉంచడం ఈ శాస్త్రంలో ఎంతో గడ్డు విద్య.

చతుర్థ గురువు పురోహితుడు. ఆయన ఇచ్చిన సామాను జాబితా పసుపుతో మొదలై, కుంకుమ, తమలపాకులు, వక్కలు, జీలకర్ర, బెల్లం, బాసికాలు, మధుపర్కాలు, అడ్డుతెర, కొబ్బరి బొండాలు మీదుగా రెండు పేజీలు ప్రవహించి, కింద మూలన చిన్న అక్షరాల్లో ‘సన్నికల్లు’ అన్న ఒక్కమాటతో సముద్రంలో కలుస్తుంది. పాఠకులు ఆ మాటను గుర్తుంచుకోవాలి. నాయకుడు గుర్తుంచుకోలేదు.

ఇవి కాక పంచమవేదం ఒకటుంది, చట్టం. వధువుకు 18, వరుడికి 21 నిండాయో లేదో కాగితం చూడకుండా అడ్వాన్సు ముట్టరాదు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం పెళ్లి జరిపించినవారినీ వదలదు. రెండేళ్ల దాకా కఠినశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆరుబయట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు మోగరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతాయి. మన ముహూర్తాలేమో సరిగ్గా ఆ గడియల్లోనే పొంచి ఉంటాయి. నక్షత్రానికీ కానిస్టేబుల్‌కీ మధ్య నిలబడి ఇద్దరికీ నచ్చజెప్పగలవాడే పండితుడు.

ఆయుధ వర్ణనము

అర్జునుడికి గాండీవం, భీముడికి గద. మనవాడికి జిప్పు సరిగా పడని నల్లసంచి. అందులోని అస్త్రాలను వర్ణించడానికి వేయి నాలుకలు కావాలి, ఉన్న ఒక్కదానితో కానిస్తాం.

మొదటిది పిన్నీసు. అంగుళం పొడవు, సన్నని నడుము, వంకర తిరిగిన తల. చూస్తే పాపాయి గాజులకు తగిలించే వస్తువు. కాని పట్టుచీర కుచ్చిళ్లు సగంలో జారినప్పుడు, పెళ్లికొడుకు పంచె తన సొంత నిర్ణయాలు తీసుకోబోయినప్పుడు, అడ్డుతెర ఒక అంచున దిగి వధూవరులు ముహూర్తానికి ముందే ఒకరినొకరు చూసుకోబోయినప్పుడు, రెండు కుటుంబాల పరువునూ ఒక్క మొన మీద మోసి నిలబెట్టే లోకైకవీర అది. పెళ్లి అయ్యాక దానికెవరూ దండ వెయ్యరు. మెట్ల మీద పడి ఎవరి కాల్లోనో గుచ్చుకుని, ఆఖరి తిట్టు తిని చరిత్రలో కలిసిపోతుంది.

రెండోది డబుల్‌సైడ్ టేపు. ముందూ వెనకా కూడా అంటుకునే ఈ మహాత్మ్యం అందరు వియ్యంకులకూ ఉండదు. బంతిపూల గోడను గోడకు, పేర్ల అక్షరాలను పూలకు, గోడ యజమానికి మనవాడి మీద కోపాన్ని శాశ్వతంగా అంటించేది ఇదే.

మూడోది ప్లాస్టిక్ ట్యాగు. తన తోకను తనే మింగి బిగుసుకునే సర్పం. నాగపాశం నుంచి లక్ష్మణుణ్ని విడిపించడానికి గరుత్మంతుడు వచ్చాడు. దీని నుంచి సీరియల్ లైట్లను విడిపించడానికి కటింగ్‌ప్లేయరు రావాలి, అది ఎప్పుడూ ఇంకో సంచిలో ఉంటుంది.

నాలుగోది జంక్షన్ బాక్సు. నాలుగు సాకెట్ల నాలుగు ముఖాల బ్రహ్మ. ఒక ముఖం నుంచి కూలరు, ఒక ముఖం నుంచి మైకు, ఒక ముఖం నుంచి ఎల్‌ఈడీ తెర ప్రాణం పోసుకుంటుండగా, నాలుగో ముఖం దగ్గర పెళ్లికి వచ్చిన బంధువులంతా ఫోన్ చార్జర్లతో తపస్సు చేస్తుంటారు. మైకు పీకి ఫోను గుచ్చే రాక్షసుడు ప్రతి పెళ్లిలోనూ ఒకడుంటాడు. మంగళాష్టకాల నడుమ నిశ్శబ్దం ఆవరిస్తే వాడి పని అనుకోవాలి.

ఐదోది నాయకుడి సొంత కల్పన. మార్కాపురం పలక. ఆ ఊరి రాయి ఎన్నో తరాల తెలుగుపిల్లల చేత ఓనమాలు దిద్దించింది. నోటుపుస్తకాలు వచ్చాక దానికి గిరాకీ తగ్గింది. ఏ పెళ్లిలోనైనా ‘ఇటు భోజనాలు’, ‘అటు చెప్పులు’ అన్న బోర్డులు మెరుపు కాగితంతో చేయిస్తారు, గాలికి లేచిపోతాయి. మనవాడు నల్లపలకల మీద సుద్దతో రాయించి నిలబెట్టాడు. గాలికి లేవవు, వానకు చెడవు, మరో పెళ్లికి తుడిచి రాసుకోవచ్చు. పెద్దవాళ్లు వాటి ముందు ఒక్క క్షణం ఆగి, తప్పులు దిద్దారు.

కాల వర్ణనము, కోశ వర్ణనము

ఋతువులు ఆరని కవులన్నారు. ఈవెంటు పంచాంగంలో రెండే: మూఢం, మూఢం కానిది. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి ఆ వెలుగులో కంటికి కనపడకుండా పోతే మూఢం. 2024 మే, జూన్ నెలల్లో గ్రహాలిద్దరూ కలిసి అదే పనిచేశారు. కాలేజీలకు సెలవులు, చేతిలో పంటడబ్బు, ఖాళీ హాళ్లు, అన్నీ ఉన్నాయి, ముహూర్తం లేదు. బ్యాండు వాళ్లు బాకాలకు బ్రాసో పూసుకుంటూ కూర్చున్నారు. తరవాత ఆషాఢం. శ్రావణం రాగానే ఒకే రాత్రి ఊరికి ఆరేసి పెళ్లిళ్లు. ఒకే వంటమేస్త్రిని నలుగురు, ఒకే సన్నాయిని ఐదుగురు, ఒకే జనరేటరును తొమ్మిదిమంది తమదే అనుకున్నారు. సంవత్సరంలో కొద్దిరోజులు సంపాదించి తక్కినరోజులు తినే వృత్తి ఇది, అందుకే తెలివైనవాడు మూఢంలో ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, రిటైర్మెంట్ సభలు పట్టుకుంటాడు.

కోశాగారానికి ముద్రా రుణం. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఆ పథకంలో 50 వేల దాకా ‘శిశు’, 5 లక్షల దాకా ‘కిశోర్’, 10 లక్షల దాకా ‘తరుణ్’. మన నాయకుడు ఇరవై ఆరేళ్ల వయసులో శిశువుగా బ్యాంకు గడప తొక్కాడు. మేనేజరు అడిగిన కాగితాల్లో కొటేషన్లున్నాయి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఊళ్లో నలుగురి మాట మాత్రం లేదు. ఆ నలుగురి మాటా టీ కొట్టు దగ్గర ఉచితంగా దొరికింది: “పెళ్లి చేయడానికి అప్పు తెచ్చినోణ్ని చూశాంగాని, వేరేవాళ్ల పెళ్లి చేయడానికి అప్పు తెచ్చినోణ్ని నిన్నే చూశాం, బావా.”

యుద్ధ వర్ణనము

తొలి సమరం. ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలు. సాయంత్రం నలుగు జరిగింది. తరతరాలుగా పెరట్లో పీట మీద, సున్నిపిండితో జరిగిన నలుగే ఇప్పుడు ‘హల్దీ’గా ద్విజత్వం పొంది, పసుపురంగు దుస్తులు, బంతిపూల ఉయ్యాల, రంగుల పొగతో పునర్జన్మ ఎత్తింది. పిండి అదే, బిల్లు వేరు.

రాత్రి ఎనిమిదికి భోజనాల యుద్ధం మొదలైంది. ఆహా, ఆ బఫే! ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో పిల్లవాడు, మూడో చెయ్యి లేదన్న బాధతో వరసలో నిలబడ్డ వీరులు. గోంగూర దగ్గర తొక్కిసలాట, పెరుగు దగ్గర సంధి. బంతి భోజనమే మర్యాదనే పెద్దల దండు ఒకపక్క మొండికేసి కూర్చుంది. వాళ్లకు నాయకుడు అప్పటికప్పుడు నాలుగు బల్లలు వేయించి, అరిటాకులు పరిపించి, తనే నెయ్యి గిన్నె పట్టుకున్నాడు. నెయ్యి వడ్డించే చేతిని ఎవరూ తిట్టరని బాబాయిల కాలం నుంచి వచ్చిన యుద్ధనీతి.

పదింటికి డీజే ఆగింది. “ఇదేందయ్యా, మా వాళ్లు ఇంకా ఎగరనే లేదు” అని పెళ్లికొడుకు స్నేహితులు ఆయుధాలు ధరించారు. పదకొండుకు పెళ్లికొడుకు మేనమామ అలిగాడు. విడిది గదిలో ఏసీ చల్లగా ఉందనీ, తనకు ఇచ్చిన శాలువా పలచగా ఉందనీ, ఒకదాన్నొకటి బలపరుచుకునే రెండు ఫిర్యాదులు. మనవాడు శాలువా మార్చాడు, ఏసీ తగ్గించాడు, ఆపైన ఆయన పక్కన పది నిమిషాలు కూర్చుని ఆయన చేసిన పెళ్లిళ్ల కథలు విన్నాడు. మొదటి రెండూ దండగ. మూడోదే మందు.

సన్నికల్లు ఘట్టము

2 గంటల 47 నిమిషాలకు జీలకర్ర బెల్లం. జనరేటరు ఆగలేదు. మంగళసూత్రం పడింది, సన్నాయి ఎత్తుకుంది. తలంబ్రాలు మొదలయ్యాయి. నాయకుడు స్తంభానికి ఆనుకుని మొదటిసారి ఊపిరి వదిలాడు. అదిగో, అప్పుడే పురోహితుడు తలెత్తి గంభీరంగా పలికాడు:

“సన్నికల్లు ఏదయ్యా?”

జాబితా తెరిచాడు. అన్నిటికీ టిక్కులు, కింద మూలన ఆ ఒక్కమాట కన్నెపిల్లలాగా నిలబడి ఉంది. అంగట్లో అమ్మని వస్తువు అదొక్కటే. ఆడపెళ్లివారు హాలువాళ్లు ఇస్తారనుకున్నారు. హాలువాళ్లు ఈవెంట్స్ తెస్తుందనుకున్నారు. ఈవెంట్స్ అది ప్రతి ఇంట్లో ఉండేదే కదా అనుకుంది. వధువు పాదాన్ని ఆ రాతి మీద ఉంచి, రాయిలాగా స్థిరంగా నిలువమని చెప్పే ఘట్టం. రాయి లేదు.

“అన్నా, తలంబ్రాలు కాస్త సాగదియ్యి” అని ఫొటోగ్రాఫరు చెవిలో ఊది, నాయకుడు బైకెక్కాడు.

ఓ పాఠకులారా! హనుమంతుడు ఓషధి ఏదో తెలియక కొండనే పెకలించుకు వచ్చాడు. మనవాడికి వస్తువు తెలుసు, అది ఏ ఇంట్లో బతికి ఉందో తెలియదు. మొదటి తలుపు: “సన్నికల్లా? మిక్సీ కొన్నప్పుడే గోడ పునాదిలో వేశాం.” రెండో తలుపు: “గ్రైండరుంది, తీసుకుపో.” మంత్రంలో రాయి ఉందిగాని మోటారు లేదని చెప్పే వ్యవధి లేదు. మూడో తలుపు తెరుచుకోలేదు, కుక్క మాత్రం సమాధానం చెప్పింది. పప్పులు రుబ్బి, పచ్చళ్లు నూరి, ఒక శతాబ్దం పాటు ఈ వీధుల నాలుకను పెంచిపోషించిన రాళ్లన్నీ ఎక్కడికి పోయాయి? కొన్ని చాకిరేవులకు, కొన్ని గడపల కిందకు, కొన్ని ఊరి చివర చెత్తకు.

చివరికి పెద్దమ్మ ఇల్లు.

“ఎవురూ? ఏందిరా ఈ యాళప్పుడు?”

“సన్నికల్లు కావాల పెద్దమ్మా. పెళ్లిలో ఆగిపోయింది.”

“పెరట్లో కట్టెల మీద పట్టా ఎగరకుండా పెట్టా, తీసుకో. పొత్రం కూడా కావాల్నా?”

“రాయి చాలు.”

“కడుక్కోని పట్టకపో. మీ బాబాయి ఊళ్లో ఏ పెళ్లి జరిగినా ముందురోజే వచ్చి ఎత్తకపోయేవాడు. నీ ఈవెంట్స్‌లో ఇదొకటి రాసుకోలా?”

బైకు ట్యాంకు మీద పసిబిడ్డను పెట్టుకున్నట్టు రాయిని పెట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో అది జారకుండా పట్టు, స్పీడుబ్రేకరు దగ్గర ప్రాణాపాయం, అలా వచ్చి మండపంలో దించాడు. ఫొటోగ్రాఫరు మూడోసారి తలంబ్రాలు పోయిస్తున్నాడు. బియ్యం అయిపోవచ్చాయి. వధువు పాదం రాతి మీద నిలిచింది. కాళ్లకింద నేల కదిలిన మండలంలో ఆ మంత్రానికి ఒక పిసరు బరువు ఎక్కువే.

విజయ వర్ణనము, ఫలశ్రుతి

తెల్లవారింది. ఇక తీర్పుల వేళ. “కాఫీ ఆలస్యం, ఈవెంట్స్ వాడి నిర్వాకం” అంది వియ్యపురాలు. “ఉప్మా చల్లారింది, వాణ్ని నమ్ముకుంటే అంతే” అన్నాడు వియ్యంకుడు. “సన్నికల్లు లేకుండా పెళ్లి చేయబోయాడు చూడు” అన్నారు సన్నికల్లు పారేసిన రెండిళ్లవాళ్లూ. ఆడపిల్ల తండ్రి అందరి ముందూ కోప్పడ్డాడు: “ఏందయ్యా, మా బాబాయి బతికుంటే ఇట్టా జరిగేదా?”

మన నాయకుడు ముఖం మార్చలేదు. ఒక్కో నిందా వచ్చి అతని మీద వాలుతుంటే, ఆ నిందలు అతను లేకపోతే ఎక్కడ వాలేవో అప్పుడు తట్టింది. చల్లారిన ఉప్మా ఆడపిల్ల తల్లి మీదికి, పలచని శాలువా ఆమె అన్న మీదికి, ఆలస్యమైన కాఫీ పిల్ల జీవితం మీదికి పోయి కూర్చునేవి. పాతరోజుల్లో ఒక లడ్డూ తక్కువైన పాపానికి పదేళ్లు మాటల్లేని ఇళ్లు ఈ మండలంలో లేవా? ఈ పెళ్లిలో వియ్యాలవారు నవ్వుకుంటూ కార్లెక్కారు. తిట్టుకోవడానికి రక్తసంబంధం లేని మనిషి ఒకడు దొరికాడు గనక, తమలో తాము తిట్టుకోలేదు. కుర్చీలు, పూలు, లైట్లు ఎవరైనా అద్దెకిస్తారు. ఇతను అద్దెకిచ్చినది బాబాయిని. పెద్దమ్మ చెప్పిన ఆదాయం ఇదే, బాబాయి దాన్ని ఊరికే పుచ్చుకున్నాడు, ఇతను జీఎస్టీ లేని కొటేషన్‌లో కలిపి పుచ్చుకుంటున్నాడు.

సాయంత్రం అతను సామాను జాబితా కొత్తగా రాసుకున్నాడు. మొట్టమొదటి వరసలో సన్నికల్లు. పెద్దమ్మ దాన్ని అమ్మనంది, అద్దెకిస్తానంది, అడ్వాన్సు అడిగింది.

ఈ ప్రబంధాన్ని శ్రద్ధగా చదివిన ఈవెంటువారికి ముహూర్తానికి ముందే మూడొంతుల సొమ్ము ముట్టుగాక. విన్న వంటమేస్త్రులకు ఉల్లిపాయల ధర దిగుగాక. రాసుకుని దగ్గర పెట్టుకున్న ఆడపిల్లల తండ్రులకు కార్డులు ఎన్ని పంచారో అంతమందే వత్తురుగాక. 2002 నాటి చట్టం ప్రకారం పెళ్లిని రిజిస్టరు చేయించుకున్న దంపతులకు ఆఫీసుల చుట్టూ పరుగులు తప్పుగాక. కుర్చీలు ఎన్ని వెళ్లెనో అన్ని తిరిగి వచ్చుగాక. తిట్లు మాత్రం ఏ ఆశీస్సూ అక్కర్లేకుండా పూర్తిగా, సకాలంలో, నగదుగా అందుతాయి. మిగిలిన బ్యాలెన్సు మిరపకాయలు అమ్మాక.